ఆంగ్లపద విభాగం – పదకారుల మార్గం

పదవిభాగం మీదనే అర్థనిర్ణయం ఆధారపడి ఉంటుందన్న మాట ప్రాచ్యకళాశాలల అధ్యాపకులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. సంహిత తరువాత పదపాఠం వల్లించే బాలునికి కూడా ఆ సంగతి తెలుసు. అయితే సంస్కృతపదాన్ని విడదీసేటప్పుడు ఇంత జాగ్రత్త పాటించే విద్వాంసులే ఆంగ్లపదం ఎదురైనప్పుడు ఆ జాగ్రత్తను గడప వెలుపల విడిచివస్తున్నారు. ఏ సదస్సుకు వెళ్ళినా ఒక సన్నివేశం తప్పదు. ప్రారంభోపన్యాసకులు 'రీసెర్చ్' అన్న పదాన్ని రెండు ముక్కలు చేసి, నడుమ ఒక అడ్డగీత పెట్టి, 'రీ' అనగా మరల, 'సెర్చ్' అనగా వెదకుట, కావున వెదికినదానినే మరల వెదకుట పరిశోధన అని సెలవిస్తారు. సభ కరతాళధ్వనులు చేస్తుంది. పరిశోధక విద్యార్థి ఆ వాక్యాన్ని తన సిద్ధాంతగ్రంథం మొదటి పుటలో చేరుస్తాడు. వెదికినదానినే మరల వెదకడానికి గ్రంథమెందుకు అని ఎవరూ అడగరు.

ఈ విభాగంలో దోషమెక్కడ ఉన్నదో చూడవలసి ఉన్నది. ఆ పదం ఆంగ్లంలో పుట్టినది కాదు. ఫ్రెంచిభాష నుండి వచ్చినది. అక్కడి క్రియకు లోతుగా, తరచి వెదకుట అని అర్థం. దానిలోని 'రీ' పునరావృత్తిని కాక ఆధిక్యాన్ని సూచిస్తున్నదని ఆంగ్లభాషా నైరుక్తికులు చెబుతున్నారు. ఒకే ఉపసర్గ ఒకచోట ఒక అర్థాన్నీ మరొకచోట మరొక అర్థాన్నీ ద్యోతింపజేయడం సంస్కృతజ్ఞులకు వింత కాదు. ఉపసర్గలకు స్వతంత్రార్థం లేదన్న శాకటాయనుని పక్షమూ, ఉన్నదన్న గార్గ్యుని పక్షమూ నిరుక్తం ప్రథమాధ్యాయంలోనే కనబడతాయి. రెండు పక్షాలలో ఏది గ్రహించినా ఉపసర్గకు అన్నిచోట్ల ఒకే అర్థమని మాత్రం సిద్ధించదు. తెలుగువారు ఆ ఆంగ్లపదానికి ఏర్పరచుకొన్న 'పరిశోధన' అన్న పదమే మూలాన్ని బాగా పట్టుకొన్నది. పరి అనగా సర్వతోభావమని యాస్కుడు చెప్పినాడు. అన్ని వైపులనుండి శుద్ధి చేయడం పరిశోధన. చేతిలో ఇంత చక్కని పదముండగా, దానిని ప్రక్కన పెట్టి ఆంగ్లపదానికి లేని అర్థాన్ని కల్పించి దానిని తిరిగి తెలుగులోకి తెచ్చుకోవడం ఏమి వ్యవహారమో తెలియదు.

ఇటువంటి విభాగాలు ఇంకా అనేకం ప్రచారంలో ఉన్నాయి. 'హిస్టరీ' అంటే 'హిజ్ స్టోరీ', అనగా అతని కథ అన్నది ఒకటి. ఆ పదం గ్రీకు 'హిస్తోరియా' నుండి వచ్చినది. విచారించి తెలుసుకొనుట దాని అర్థం. ఆంగ్ల సర్వనామానికి అక్కడ చోటే లేదు. 'మేనేజ్' అన్న క్రియలో మనిషి, వయస్సు కనబడతాయి గాని ఉన్నది చేయి అన్న అర్థం గల లాటిన్ పదం. 'ఔట్‌రేజ్' అన్న పదంలో 'ఔట్', 'రేజ్' అని రెండు పదాలు ఎంతో స్పష్టంగా వినిపిస్తాయి. నిజానికి అది 'అతీతం' అన్న అర్థం గల ఫ్రెంచి శబ్దానికి 'ఏజ్' అన్న ప్రత్యయం చేరిన రూపం. ఇలాగని వినికిడి ప్రతిసారీ మోసం చేస్తుందని కూడా అనడానికి వీలులేదు. 'డిసీజ్' అన్న పదాన్ని 'డిస్-ఈజ్' అని విడదీసి, సుఖం లేకపోవడం రోగమని చెబితే అది సాధువు. 'ఎలోన్' అన్నది నిజంగానే 'ఆల్ వన్'. ప్రాయశ్చిత్తార్థంలోని 'ఎటోన్' నిజంగానే 'ఎట్ వన్', అనగా ఏకీభావం పొందుట. 'హాలిడే' పవిత్రదినమే. ఒకటి సాధువై, దానివలెనే వినబడే మరొకటి అసాధువైనప్పుడు, రెంటికీ భేదం చెవి చెప్పలేదు, పదచరిత్ర చెప్పవలసినదే.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చును. యాస్కాచార్యులు మాత్రం చేసినదేమి? అగ్నిశబ్దాన్ని అగ్రణి అన్నప్పుడు, ఒక్కొక్క పదానికి మూడు నాలుగు నిర్వచనాలు వికల్పంగా చెప్పినప్పుడు, అక్షరసామ్యం మాత్రమే ఆధారం కాలేదా? ఆ స్వాతంత్ర్యం సంస్కృతానికి ఉండగా ఆంగ్లానికి ఎందుకు లేకపోవలెను? ఈ ఆక్షేపం చేసేవారు నిరుక్తం ద్వితీయాధ్యాయం ఆరంభాన్ని మరొకసారి చూడడం మంచిది. ప్రకరణం నుండి విడివడిన ఒంటరి పదానికి నిర్వచనం చెప్పరాదని యాస్కుడు అక్కడ నిషేధించినాడు. వ్యాకరణం తెలియనివానికి చెప్పరాదని కూడా నిషేధించినాడు. సభావేదిక మీద విడదీయబడే ఆంగ్లపదాలన్నీ ప్రకరణం లేని ఒంటరి పదాలే. పైగా అవి ఆంగ్లవ్యాకరణంలో ప్రవేశం తక్కువైన విద్యార్థుల ఎదుటనే విడదీయబడుతున్నాయి. రెండు నిషేధాలూ ఏకకాలంలో అతిక్రమింపబడుతున్నాయన్నమాట.

పదాన్ని తప్పుగా విడదీస్తే కలిగే ఫలితం పొరపాటు అర్థంతో ఆగదు; క్రొత్తపదమే పుట్టవచ్చును. విధవాశబ్దం ఇందుకు ప్రసిద్ధోదాహరణం. ధవుడనగా మనుష్యుడనీ, అతనితో వియోగం వలన విధవ అనీ నిరుక్తంలోని వికల్పాలలో ఒకటి. లౌకికసంస్కృతంలో ధవశబ్దం భర్త అన్న అర్థంలో స్థిరపడినది. మాధవశబ్దానికి లక్ష్మీధవుడని వ్యాఖ్యానం కూడా వచ్చినది. పాశ్చాత్య భాషాతత్త్వజ్ఞులు మాత్రం లాటిన్ 'విదువా', ఆంగ్లం 'విడో' అన్న పదాలను ఎత్తిచూపి, విధవాశబ్దం అఖండమనీ, అందులో 'వి' ఉపసర్గమన్న భ్రాంతి వలన ధవశబ్దం తరువాత ఏర్పడినదనీ అంటారు. అసురశబ్దం నుండి సురశబ్దం ఏర్పడినదన్నది కూడా వారి మతమే. అసువు, అనగా ప్రాణం, కలవారు అసురులని యాస్కుడు కూడా ఒక నిర్వచనం చెప్పియుండడం చేతనూ, ఋగ్వేదంలో వరుణాదులకు అసురశబ్దం ప్రశంసగా వాడబడడం చేతనూ ఆ మతాన్ని తేలికగా త్రోసివేయడానికి వీలులేదు. సంప్రదాయజ్ఞులలో కొందరికి ఇది రుచించకపోవచ్చును. రుచించకపోవడం ప్రత్యుత్తరం కాజాలదు.

ఆంగ్లంలో ఇదే వ్యాపారం ఇంకా విరివిగా జరిగినది. జర్మనీదేశపు హాంబర్గ్ నగరం పేరు మీద ఏర్పడిన 'హాంబర్గర్' అన్న పదంలో 'హామ్', అనగా పందిమాంసం, ఉన్నదని భ్రమించి మిగిలిన 'బర్గర్'ను వేరు చేసినారు. అది ఈనాడు స్వతంత్రపదమై హైదరాబాదు వీధులలో కూడా అమ్ముడుపోతున్నది. 'హెలికాప్టర్' అన్నది గ్రీకుభాషలో మెలికను చెప్పే 'హెలికో', రెక్కను చెప్పే 'ప్టెరాన్' అన్న రెండు శబ్దాల సమాసం. జనం దానిని 'హెలి', 'కాప్టర్' అని విరిచినారు. ఆ విరిగిన ముక్కతో 'హెలిపాడ్' ఏర్పడినది. 'ఏ', 'ఆన్' అన్న ఆంగ్ల ఉపపదాల వద్ద నకారం ఎటు చేరునో తెలియక 'నేప్రన్' అన్నది 'ఏప్రన్' అయినది, 'నాడర్' అన్న సర్పవాచకం 'ఆడర్' అయినది. సంస్కృతంలోని నారంగశబ్దం పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు పోయి, అక్కడి భాషలలోనే ఇట్టి గందరగోళం వలన ఆదినకారాన్ని పోగొట్టుకొని 'ఆరెంజ్' అయి ఆంగ్లానికి చేరినది. తెలుగువారి నారింజలో ఆ నకారం ఇప్పటికీ క్షేమంగా ఉన్నది.

ఇక ఆ అడ్డగీత సంగతి. దానికి 'హైఫన్' అన్న పేరు గ్రీకుపదం. ఒకదాని క్రింద, ఒకటిగా అని దాని అర్థం. ప్రాచీన గ్రీకు వైయాకరణులు రెండు శబ్దాలను ఏకపదంగా చదువవలెనని తెలుపడానికి అక్షరాల క్రింద ఒక వంపుగీత గీసేవారు. అనగా పుట్టుకచేత అది సంయోజకచిహ్నం. తరువాత పంక్తి చివర చోటు చాలక పదాన్ని విరిచినప్పుడు కూడా ఆ గీతనే వాడడంతో ఒకే చిహ్నం కలపడానికీ విడదీయడానికీ గురుతైనది. ఈ ద్వైవిధ్యం అధ్యాపకులను తికమక పెడుతున్నది గాని, పదపాఠం చదివినవానికి ఇందులో తికమక ఉండనవసరం లేదు. పదపాఠంలోని అవగ్రహం చేసేపని అదే. పురోహితశబ్దాన్ని పురః, హిత అని అవగ్రహంతో విడదీసి చదివినప్పుడు, అవి రెండు అవయవాలనీ, అయినా ఒకే పదమనీ, రెండు సంగతులూ ఒక్క విరామంతో తెలుస్తున్నాయి. ఆంగ్లేయుల హైఫన్‌కు అవగ్రహమే సరియైన సంస్కృతనామమనడం సమంజసం.

పంక్తి చివరి విభాగాన్ని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. దానిలో రెండు మార్గాలున్నాయి. వ్యుత్పత్తిని అనుసరించి విరవడం ఇంగ్లండులో ఆదరింపబడినది. ఉచ్చారణను అనుసరించి విరవడం అమెరికాలో. 1783లో వెలువడిన నోవా వెబ్‌స్టర్ వర్ణక్రమ పుస్తకం ఈ రెండవ మార్గానికి బలం చేకూర్చినది. ఏ మార్గమైనా అది ముద్రణాసౌకర్యమే గాని అర్థబోధకం కాదు. తెలుగుపదం 'పందికొక్కు' ఆంగ్లంలోకి పోయి 'బాండికూట్' అయినది. అమెరికా నిఘంటువులు దానిని 'బాన్', 'డి', 'కూట్' అని మూడు ముక్కలుగా చూపుతాయి. మొదటి విరుపు పంది కడుపును చీల్చినది. రెండవది పందికీ కొక్కుకీ నడుమ సరిగా పడినది. ఆ రెండవది కూడా కాకతాళీయమే తప్ప జ్ఞానపూర్వకం కాదు. నిఘంటువులో అట్టి చుక్కలను చూచి అవే పదావయవాలని విద్యార్థులకు బోధించేవారు కొందరున్నారు గనుక ఈ మాట చెప్పవలసివచ్చినది.

యంత్రంచేత ఈ విరుపు చేయించడానికి ఫ్రాంక్ లియాంగ్ అన్న పండితుడు 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతిని సిద్ధాంతగ్రంథంగా రచించినాడు. డొనాల్డ్ నూత్ రూపొందించిన 'టెక్' అన్న ముద్రణావ్యవస్థలో ఆ పద్ధతి ప్రవేశపెట్టబడినది. సుమారు 4500 అక్షరసూత్రాలతో చిన్న నిఘంటువులోని విరుపులలో నూటికి 89 వంతులు ఆ పద్ధతి పట్టుకొనగలదు. దానికి లొంగని పదాలకు ఒక చిన్న అపవాదపట్టిక ఉన్నది. 'ప్రెజెంట్', 'ప్రాజెక్ట్' అన్న పదాలు ఆ పట్టికలో ఏ విరుపూ లేకుండా ఉంచబడినాయి. కారణం, అవి నామమైనప్పుడు ఒకచోట, క్రియ అయినప్పుడు మరొకచోట విరుగుతాయి; వాక్యార్థం తెలియని యంత్రానికి ఏది నామమో ఏది క్రియయో తెలియదు. తెలియనిచోట విరవకుండా విడిచిపెట్టడం యంత్రానికి నేర్పినారు. ఉపన్యాసవేదికలకు కూడా ఎవరైనా నేర్పితే బాగుండును.

అర్థంతో పని గల విభాగం సమాసవిభాగం. ఇక్కడ హైఫన్ విగ్రహవాక్యానికి సంగ్రహరూపం. 'మ్యాన్-ఈటింగ్ టైగర్' అని గీత పెట్టినప్పుడు అది మనుష్యభక్షకమైన పులి. గీత తీసివేసి 'మ్యాన్ ఈటింగ్ టైగర్' అంటే పులిమాంసం తింటున్న మనుష్యుడు. ఒక చిన్న గీత భక్షకుని భక్ష్యంగా మార్చివేసినది. త్వష్ట చేసిన స్వరదోషం వలన ఇంద్రశత్రుశబ్దం తత్పురుష కాక బహువ్రీహి అయి, ఇంద్రుని చంపవలసినవాడు ఇంద్రునిచేత చంపబడినాడన్న కథ మహాభాష్యం మొదటి ఆహ్నికంలోనే ఉన్నది. అక్కడ స్వరం చేసిన పనిని ఇక్కడ గీత చేస్తున్నది. ఈ సామ్యం కేవలం చమత్కారం కాదు. ఆంగ్లంలో కూడా సమాసాన్ని నిర్ణయించేది మౌలికంగా స్వరమే. గీత దానికి వ్రాతలో గురుతు. 'బ్లాక్‌బర్డ్' అని పూర్వపదాన్ని నొక్కి పలికితే అది ఒకానొక పక్షిజాతి. 'బ్లాక్ బర్డ్' అని ఉత్తరపదాన్ని నొక్కితే నల్లనిది ఏ పక్షియైనా. కాకి రెండవదే గాని మొదటిది కాదు. మొదటి జాతిలో ఆడుపక్షి గోధుమవన్నెతో ఉంటుంది, అయినా అది 'బ్లాక్‌బర్డ్' కాక పోదు. కృష్ణసర్పశబ్దం జాతివాచకమైన నిత్యసమాసమనీ, నల్లని ప్రతి పామూ కృష్ణసర్పం కాదనీ వైయాకరణులు చెప్పిన విషయానికి ఇంతకంటె దగ్గర ఉదాహరణ దొరకదు. 'ఇంగ్లీష్ టీచర్' అన్నప్పుడు మొదటి పదాన్ని నొక్కితే ఆంగ్లభాష చెప్పే ఉపాధ్యాయుడు, రెండవదాన్ని నొక్కితే ఆంగ్లేయుడైన ఉపాధ్యాయుడు. ప్రాచ్యకళాశాలలో ఈయన మొదటివాడే అవుతాడు గనుక ఎలా పలికినా అక్కడ ప్రమాదం లేదు.

సంఖ్యాపదాలు చేరినప్పుడు గీత విలువ ఇంకా స్పష్టమవుతుంది. 'త్రీ హండ్రెడ్ ఇయర్ ఓల్డ్ ట్రీస్' అన్న ఐదు పదాలనూ గీతలు లేకుండా వ్రాస్తే అర్థం నిలువదు. మొదటి నాలుగింటినీ గీతలతో కలిపితే మూడువందల ఏండ్ల చెట్లు. ఎన్ని చెట్లో చెప్పబడలేదు. మొదటిదానిని విడిచి తరువాతి మూడింటిని కలిపితే నూరేసి ఏండ్ల చెట్లు మూడు. 'ఇయర్', 'ఓల్డ్' అన్న రెండింటినే కలిపితే ఏడాది వయస్సు గల మొక్కలు మూడువందలు. తోటమాలికి ఈ భేదం తెలియకపోతే కష్టమే. పదకారులు ఎన్ని అవయవాలున్నా సాధారణంగా ఒక పదంలో ఒకే అవగ్రహాన్ని చూపినారు. ఏది ప్రధానవిభాగమో దానితో తేలిపోతుంది. ఆంగ్లేయులు అవయవానికొక గీత చొప్పున పెడతారు. అందువలన సమాసపు ఎల్ల తెలుస్తుంది గాని లోపలి క్రమం తెలియదు. ఈ విషయంలో పదకారుల పద్ధతి మేలైనది.

సామర్థ్యవిచారం చదివినవారికి మరొక సొగసు కనబడుతుంది. 'ఓల్డ్ ఫర్నిచర్ డీలర్' అన్నచోట వృద్ధుడు వర్తకుడా, పాతబడినవి సామానులా? తెలుగులో 'క్రొత్త పుస్తకాల దుకాణం' అన్నా ఇదే సందేహం. సమాసంలో ఉపసర్జనమైన పదానికి బయటి విశేషణంతో అన్వయం కుదరదనీ, 'ఋద్ధస్య రాజపురుషః' అని ధనవంతుడైన రాజు యొక్క భటుని చెప్పరాదనీ సమర్థసూత్రం మీద పతంజలి విచారించినాడు. ఆంగ్లేయులు ఆ నియమాన్ని ఎరుగరు. గీత సహాయంతో బయటిపదాన్ని కూడా లోపలికి లాగుకొంటారు. 'ఓల్డ్-ఫర్నిచర్ డీలర్' అన్నప్పుడు 'ఓల్డ్' సామానులకు అంటుకొన్నది. అయితే గీత తప్పుచోట పడితే అన్వయం తలక్రిందులవుతుంది. 1986లో వచ్చిన బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వంటి వాటిని ప్రస్తావిస్తూ ఆంగ్లంలో 'యాంటీ-చైల్డ్ లేబర్ లా' అని వ్రాసేవారున్నారు. ఉన్న గీతను బట్టి చదివితే అది బాలవిరోధియైన కార్మికచట్టం. 'చైల్డ్'కూ 'లేబర్'కూ నడుమ కూడా గీత పెట్టి ఏకార్థీభావం కలిగిస్తే గాని అభిప్రేతార్థం రాదు.

ఈ కారణాలచేత ప్రాచ్యకళాశాలలలో ఆంగ్లం బోధించే పద్ధతి మారవలెనన్న వాదానికి బలం చేకూరుతున్నది. పాఠశాలలో సమాసచక్రం వల్లించి వచ్చిన విద్యార్థి ఆంగ్లతరగతిలో మూగవాడై కూర్చుండడం దైన్యం. అతనికి ఆంగ్లం రాదు, నిజమే. అయితే ఆంగ్లసమాసాన్ని అర్థం చేసుకొనే సాధనం అతని వద్ద ఉన్నంతగా అతని ఉపాధ్యాయుని వద్ద కూడా ఉండకపోవచ్చును. 'వాటర్-బోర్న్' అంటే జలంచేత మోయబడినది, తృతీయాతత్పురుష. 'హోమ్-మేడ్' అంటే ఇంటిలో చేయబడినది, సప్తమి. 'స్నో-వైట్' ఘనశ్యామశబ్దం వంటి ఉపమానపూర్వపద కర్మధారయం. 'స్మాల్-స్కేల్' పరిశ్రమ అంటే అల్పమైన పరిమాణం దేనికి కలదో అది, బహువ్రీహి. 'ఫర్గెట్-మీ-నాట్' అన్న పూవు పేరు వాక్యమే పదమైన చిత్రం. మయూరవ్యంసకాదిగణంలోని 'అశ్నీతపిబతా' వంటివి తెలిసినవానికి అది వెంటనే పట్టుబడుతుంది. 'ప్రీ- అండ్ పోస్ట్-వార్' అన్నచోట మొదటి పదం తరువాత గీత గాలిలో వ్రేలాడుతుంటే విద్యార్థులు అచ్చుతప్పనుకొంటారు. ద్వంద్వం చివర వినబడిన పదం ప్రత్యేకంగా ప్రతిదానితోను అన్వయిస్తుందన్న న్యాయం చెప్పితే చాలును. 'షుగర్-ఫ్రీ' అన్న డబ్బాను చూచి చక్కెర ఉచితమని సంతోషించేవానికి 'చక్కెరనుండి విడివడినది' అని పంచమీతత్పురుష చెప్పవలసి ఉన్నది. పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులే ఆంగ్లసమాసాలను వర్గీకరించేటప్పుడు బహువ్రీహి, తత్పురుష, ద్వంద్వ అన్న పేర్లను సంస్కృతనామాలుగానే వాడుతున్నారు. వారు అరువు తీసుకొన్న సొమ్మును సొంతదారులు వాడుకొనడానికి సంకోచమెందుకు?

కాని గీతను బట్టి సమాసాన్ని నిర్ణయించరాదు. సమాసాన్ని బట్టి గీతను అర్థం చేసుకోవలెను. ఆంగ్లంలో గీతల వాడుక స్థిరమైనది కాదు. పూర్వం 'టు-డే', 'టు-మారో' అని గీతలతో వ్రాసేవారు. ఇప్పుడు ఎవరూ వ్రాయరు. 2007లో వెలువడిన షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆరవ ముద్రణలో సుమారు 16,000 పదాల నుండి గీతలు తొలగించినారు. 'ఐస్-క్రీమ్' రెండు పదాలుగా విడిపోయినది, 'బంబుల్-బీ' ఒకే పదంగా కలిసిపోయినది. గీత పోయినంత మాత్రాన మంచుమీగడ సమాసత్వం కోల్పోలేదు. పదకారులను వ్యాకరణం అనుసరించదు, పదకారులే వ్యాకరణాన్ని అనుసరించవలెనని పతంజలి మహాభాష్యంలో ఒకటికంటె ఎక్కువ చోట్ల చెప్పినాడు. యాస్కుడు శాకల్యుని వంటి మహర్షిని కూడా విడిచిపెట్టలేదు. ఋగ్వేదం దశమమండలంలో 'వాయః' అన్న పదాన్ని శాకల్యుడు 'వా', 'యః' అని రెండుగా విడదీసినాడు. అట్లయినచో అక్కడి క్రియాపదానికి ఉదాత్తస్వరం రావలెను, రాలేదు. అర్థం కూడా అసంపూర్ణంగా మిగులుతుంది అని యాస్కుడు ఖండించినాడు. ఎంత గౌరవనీయుడు విడదీసినా, స్వరమూ అర్థమూ ఒప్పుకొంటేనే విభాగం నిలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకైనా సదస్సు అధ్యక్షులకైనా అదే కొలమానం.

ఈ అలక్ష్యం ఆంగ్లపదాలతో ఆగితే కొంత ఓర్చుకోవచ్చును. ఆంగ్లలిపిలో సంస్కృతపదాలను వ్రాసే పరిశోధనవ్యాసాలకు అది వ్యాపించడం గాఢంగా ఆలోచించవలసిన విషయం. అక్కడ పెట్టే ప్రతి గీతా ఒక వ్యాఖ్యానం. ఛాందోగ్యంలోని మహావాక్యంలో ఆత్మశబ్దం తరువాత అకారం ఉన్నదా లేదా అన్న ఒక్క పదచ్ఛేదం మీద శంకరులకూ మధ్వాచార్యులకూ సిద్ధాంతభేదం నిలిచి ఉన్నది. సంధి జరిగినచోట అచ్చులో ఎడమిచ్చినా గీత పెట్టినా రెండు పక్షాలలో ఒకదానిని వరించినట్టే. ఆ సంగతి గుర్తింపక, తటస్థమైన లిప్యంతరీకరణమని పీఠికలో వ్రాసి, లోపల ఇష్టం వచ్చినట్టు గీతలు పెట్టిన గ్రంథాలు ఉన్నాయి.

సంధి జరిగిన సమాసాలలో గీతకు చోటే దొరకదు. మహేశ్వరశబ్దంలోని ఏకారం మహాశబ్దానిదా, ఈశ్వరశబ్దానిదా? అది రెండింటిదీ. దానిని 'మహే-శ్వర' అని విరిచినప్పుడు రెండు పదాలూ భ్రష్టమైనాయి. గణకయంత్రంలో ఆంగ్లపు అక్షరసూత్రాలతో విరిచే ఏర్పాటునే సంస్కృతానికీ ఉంచివేయడం వలన, ఎవరూ ఉద్దేశించకుండానే, ఇట్టి రూపాలు పంక్తి చివర పడుతున్నాయి. సంస్కృతానికి వేరుగా విరుపుసూత్రాలు ఏర్పరచుకొనడం అసాధ్యమైన పని కాదు. అంతవరకు లిప్యంతరీకృత పదాలను పంక్తి చివర విరవకుండా ఉంచడం సంపాదకుల చేతిలోనే ఉన్నది. ఆనందవర్ధనుని గ్రంథం పేరు పంక్తి చివర విరిగి ముందుపంక్తిలో 'ధ్వన్యా', తరువాతి పంక్తిలో 'లోక' అని పడితే, ఆంగ్లం మాత్రమే చదివిన పాఠకుడు అది ధ్వనులకు సంబంధించిన లోకమనుకొంటాడు. అక్కడ ఉన్నది ఆలోకం.